ఆరింతల మందికి ఆరింతల నీళ్లు: ఒక పండగ భోజనం పోస్టుమార్టం

పండగ రోజు. మధ్యాహ్నం రెండున్నర. ఇంట్లో 24 మంది. పిల్లలు ఆకలని ఏడ్చి ఏడ్చి, ఇక లాభం లేదని సోఫాలో నిద్రకి పడ్డారు. బాబాయ్ మూత తీశాడు.

ఒకే గిన్నెలో మూడు రకాల అన్నం. అడుగున బొగ్గు. మధ్యలో జిగురు, దాంతో గోడకి పోస్టర్లు అంటించుకోవచ్చు. పైన పలుకు. మా ఇంట్లో దానికి 'మూడంతస్తుల అన్నం' అని పేరు పడిపోయింది. ఇప్పటికీ పోలేదు.

నన్ను బాధపెట్టింది అన్నం కాదండీ. ఆ తర్వాత గంటసేపు జరిగిన పంచాయితీ. హస్తవాసి లేదని అత్తయ్య. దిష్టి తగిలిందని పెద్దమ్మ. గిన్నె మంచిది కాదని గిన్నె ఇచ్చినావిడ తప్ప అందరూ. పాపం బాబాయ్ ఒక్కటే మాట అంటాడు: "నలుగురికి ఎలా వండుతానో అలాగే వండానమ్మా. ఆరు పెట్టి గుణించాను, అంతే!"

ఆ 'అంతే' ఉంది చూశారా, ఈ వీడియో మొత్తం దాని గురించే. ఏ ఇంట్లో చూడండి, రోజూ చక్కగా వండే మనిషే పండగ రోజు బోల్తా పడతాడు. నలుగురి వంట వేరు, పాతికమంది వంట వేరు. ఈ ముక్క ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ గుణకారమే చేస్తారు.

[తెర మీద: చిన్న డబ్బా, పక్కన పెద్ద డబ్బా]

చిన్న డబ్బా తీసుకోండి. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ రెట్టింపు చేయండి. లోపల పట్టే సరుకు 8 రెట్లు అవుతుంది. కానీ డబ్బా పైతలం, అంటే గోడలూ అడుగూ మూతా కలిపి, 4 రెట్లే అవుతుంది. దీన్ని గెలీలియో 1638లోనే వివరంగా రాశాడు. ఆయన లెక్క ఎముకల గురించి. పెద్ద జంతువుకి ఎముకలు ఎందుకు అంత లావుగా ఉండాలో చెప్పడానికి. మన లెక్క గిన్నె గురించి. లెక్క మాత్రం ఒకటే.

దీన్ని హాలుగా ఊహించుకోండి. లోపల జనం, చుట్టూ తలుపులు. గిన్నెలో పదార్థం జనం. గిన్నె పైతలం తలుపులు. వేడి లోపలికి రావాలన్నా, ఆవిరి బయటికి పోవాలన్నా, తర్వాత చల్లారాలన్నా ఆ తలుపుల్లోంచే. హాలు పెద్దదైతే జనం 8 రెట్లు, తలుపులు 4 రెట్లు. ఒక్కో మనిషి వాటాకొచ్చే తలుపు సగానికి సగం తగ్గిపోయింది. ఇవాళ ఈ హాలుని నేను వదలను, ముందే చెప్తున్నా.

ఇప్పుడు బాబాయ్ అన్నానికి రండి. నలుగురికి ఆయన లెక్క 2 గ్లాసుల బియ్యం, 4 గ్లాసుల నీళ్లు. ఒకటికి రెండు. మన అందరికీ కంఠస్థం. కానీ ఆ నాలుగు గ్లాసుల నీళ్లు ఎక్కడికి పోయాయో ఎప్పుడైనా అడిగారా? అన్నీ బియ్యం తాగలేదు. బియ్యం తన కొలతంత, రకాన్ని బట్టి ఇంకాస్త ఎక్కువ తాగుతుంది. రెండున్నర గ్లాసులు అనుకుందాం. మిగిలిన గ్లాసున్నర ఆవిరై పోయింది. అంటే 'ఒకటికి రెండు' అనేది బియ్యం గుణం కాదు. మీ బియ్యం, మీ గిన్నె, మీ మూత, మీ మంట కలిసి కుదుర్చుకున్న ఒప్పందం.

ఆరు పెట్టి గుణించాడు. 12 గ్లాసుల బియ్యం, 24 గ్లాసుల నీళ్లు. బియ్యం తాగేది నిజంగానే ఆరింతలు, 15 గ్లాసులు. మరి ఆవిరి? ఆరింతలు అంటే 9 గ్లాసులు పోవాలి. ఆవిరి వెళ్లే తలుపు ఒక్కటే, పైన. ఆ తలుపు ఆరింతలు అయిందా? కాలేదు. మహా అయితే రెండు మూడు గ్లాసులు పోయి ఉంటాయి. 24లో 15 తీసేయండి, ఇంకో 3 తీసేయండి. ఆరు గ్లాసుల నీళ్లు దిక్కులేకుండా హాల్లోనే మిగిలిపోయాయి. మధ్య అంతస్తు జిగురు అక్కడిది. దిష్టి కాదు పెద్దమ్మా, తీసివేత.

సరే, జిగురు తేలింది. మరి అడుగున బొగ్గు ఎందుకు? నీళ్లు ఎక్కువైతే మాడకూడదు కదా? ఇది నాకు చాలా ఇష్టమైన భాగం.

గిన్నె మారింది, జనం మారారు. స్టవ్ మారిందా? అదే బర్నర్. ఇంట్లో పెద్ద బర్నర్ సుమారు 3 కిలోవాట్లు ఇస్తుందనుకోండి. అందులో సగం గిన్నె పక్కల నుంచి గాల్లోకి పోతుంది. మిగిలిన దాంతో ఒక లీటరు నీళ్లు మరగడానికి మూడున్నర నిమిషాలు పడుతుంది. బాబాయ్ గిన్నెలో 6 లీటర్లు. అంటే 21 నిమిషాలు, బియ్యం బరువు కలపకుండానే. ఈలోగా బియ్యం ఏం చేస్తోంది? ఊరికే కూర్చోదు. 70 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికే పిండిపదార్థం నీళ్లు పట్టి ఉబ్బడం మొదలుపెడుతుంది. ఇంకా మరగకముందే గిన్నెలో పలచటి గంజి తయారవుతుంది, తర్వాత చిక్కటి గంజి.

చిక్కబడితే ఏమవుతుంది? మళ్లీ హాల్లోకి రండి. పలచటి నీళ్లలో జనం తిరుగుతూ ఉంటారు. అడుగున వేడెక్కినవాళ్లు పైకి వెళ్తారు, పైన చల్లగా ఉన్నవాళ్లు కిందికి వస్తారు. అందరికీ తలుపు అందుతుంది. చిక్కబడ్డాక అందరూ కుర్చీల్లో బిగుసుకుని కూర్చున్నారు. ఇక వేడి ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి అందుకోవాల్సిందే. తలుపు పక్కన కూర్చున్నవాడి మీద తోపులాట, మధ్యలో ఉన్నవాడికి అసలు తలుపు ఉందనే తెలీదు. నీళ్లున్నంతసేపూ అడుగు 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. కొత్త నీళ్లు కిందికి రావడం ఆగిపోగానే అడుగు పొర ఎండిపోయి, 150, 200 దాటేస్తుంది. బొగ్గు అక్కడ పుట్టింది. పైన నీళ్లు ఈదుతుండగానే కింద కరువు.

అప్పుడు బాబాయ్ చేసిన పని ఏమిటంటే, "ఇంకా ఉడకలేదేమిటి" అని మంట పెంచాడు! మనందరం అదే చేస్తాం. నేనూ చేశాను, ఒకసారి కాదు. తలుపు దగ్గర తొక్కిసలాట జరుగుతుంటే బయట నుంచి ఇంకో వందమందిని తోయడం అది. పైగా రెండు నిమిషాలకోసారి మూత తీసి చూశాడు. తీసిన ప్రతిసారీ పైన ఉన్న ఆవిరి పోయింది. పై అంతస్తు పలుకు ఆయన కుతూహలం పుణ్యమే.

కుదిరే పద్ధతులు రెండే రెండు. ఒకటి, నీళ్లు ముందు బాగా మరిగించి తర్వాత బియ్యం పోయడం, నీళ్లు గుణించకుండా 'తాగేది ప్లస్ పోయేది' అని విడివిడిగా లెక్కేయడం. రెండోది ఇంకా తేలిక, మూడు మామూలు గిన్నెల్లో వండటం. హాలు పెంచకండి, హాళ్లు పెంచండి. గిన్నెలు ఎవరు తోముతారు అంటారా, అది సైన్స్ పరిధిలో లేదు.

చిక్కటి కూరలు, గ్రేవీలు కూడా ఇదే కథ. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. రోజూ చిన్న మూకుడులో పది నిమిషాల్లో దగ్గరపడే కూర పెద్ద గిన్నెలో గంటైనా నీళ్లోడుతూ ఉంటుంది. ఎందుకంటే, మామూలు నీళ్లని మరిగేదాకా వేడి చేయడానికి పట్టే శక్తి కంటే, మరిగిన ఆ నీళ్లని పూర్తిగా ఆవిరి చేయడానికి దాదాపు 7 రెట్లు ఎక్కువ శక్తి కావాలి. బర్నర్ అదే, తలుపు అదే. కాబట్టి మొదట్లోనే నీళ్లు తక్కువ పోయండి, లోతు గిన్నె వదిలి వెడల్పుది తీసుకోండి. గరిటె తిప్పుతూ ఉండండి. గరిటె అంటే ఆ హాల్లో కుర్చీల్లో కూర్చున్నవాళ్లని లేపి మర్యాదగా తలుపు దాకా నడిపించే మనిషి. ఆ మనిషి ఫోన్ చూసుకుంటూ నిలబడితే మళ్లీ బొగ్గే.

వేపుళ్ల దగ్గర నవ్వులాట కాస్త తగ్గిద్దాం. 24 మందికి త్వరగా అవ్వాలని ఫ్రీజర్లోంచి తీసిన ముక్కలు ఒకేసారి మరిగే నూనెలో కుమ్మరిస్తారు. రెండు జరుగుతాయి. నూనె వేడి ఒక్కసారిగా పడిపోయి ముక్కలు వేగడం మానేసి నూనె పీలుస్తాయి. ఇది కడుపుకి మాత్రమే ప్రమాదం. రెండోది ఇంటికి ప్రమాదం. మంచు కరిగి నీరవుతుంది, నీరు నూనెలో మునిగి ఆవిరవుతుంది, ఆవిరైన నీరు తన పరిమాణానికి దాదాపు 1700 రెట్లు వ్యాపిస్తుంది. హాల్లో ఒక్కొక్కడూ ఒక్క క్షణంలో 1700 మంది అయితే? గోడలు దాటి పొంగుతుంది, పొంగిన నూనె మంట మీద పడుతుంది. అంటుకుంటే నీళ్లు మాత్రం పోయకండి, అదే 1700 మళ్లీ. స్టవ్ ఆపండి, మూత పెట్టండి, మూత తీసి చూడకండి. గిన్నెని మోసుకుంటూ బయటికి పరిగెత్తకండి. ఆపినా, మూసినా తగ్గకపోతే మనుషులు బయటికి వచ్చేసి ఫైర్ వాళ్లకి ఫోన్ చేయడమే.

టైమ్ అయిపోతోంది, అన్నం మీదే సగం వీడియో తినేశాను. మిగతావి గబగబా.

కేకు. పిండి రెట్టింపు చేసి అదే టిన్నులో పోస్తారు. మందం రెట్టింపైంది. టైమ్ కూడా రెట్టింపు చేస్తే సరిపోతుందా? చాలదు, మధ్యకి వేడి చేరడానికి పట్టే సమయం సుమారు నాలుగింతలు. కేకు అంటే ఎవరూ కుర్చీలోంచి లేవని హాలు, గరిటె కూడా పనిచేయదు. అందుకే బయట ఇటుక, లోపల పాయసం. రెండు టిన్నులు వాడండి.

ప్రెషర్ కుక్కర్. మూడింట రెండు వంతులు మించి నింపకండి. బియ్యం, పప్పులాంటి నురగొచ్చేవైతే సగమే. "ఈ ఒక్కసారికి సర్దుకుంటుందిలే" అన్న పప్పు సీలింగ్ మీద ఎలా ఉంటుందో మా పిన్నిని అడగండి. ఆవిడ ఇల్లు మారింది, మరక మారలేదు.

మిగిలిన భోజనం. ఇది ఎవరూ పట్టించుకోరు, నాకు మహా చిరాకు. పెద్ద గిన్నెడు అన్నం రాత్రికి అలాగే ఫ్రిజ్‌లో తోసేస్తారు. లోపలికి రావడానికి కష్టపడ్డ వేడి బయటికి పోవడానికీ అంతే కష్టపడుతుంది. తలుపులు అవే కదా. అంచులు చల్లగా ఉన్నా నడిమధ్య గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. బియ్యంలో ఉండే బాసిలస్ సెరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు, ఆ గోరువెచ్చదనం కోసమే ఎదురుచూస్తుంటాయి. అవి వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు. వండిన రెండు గంటల్లోపు, వెడల్పాటి పళ్లేల్లో పలచగా, రెండంగుళాల మందం మించకుండా సర్ది ఫ్రిజ్‌లో పెట్టండి.

చివరిగా ఉప్పు. హాల్లో తలుపులతో సంబంధం లేని మనిషి ఒక్కడే, ఉప్పు. ఆవిరితో పోడు, ఎంత మరిగించినా కదలడు. నీళ్లు తగ్గేకొద్దీ ఇంకా గట్టిగా కనబడతాడు. అందుకే కూర దగ్గరపడ్డాక చివర్లో వేయాలి, ఒక్కరే వేయాలి. ఎక్కువైతే బంగాళాదుంప వేస్తే లాగేస్తుందంటారు. దుంప ఉప్పుని ఏరుకుని లాగదండీ. ఉప్పు నీళ్లు పీల్చుకుంటుంది, అంతే. మిగిలిన పులుసు అంతే ఉప్పగా ఉంటుంది, పైగా ఉప్పటి దుంప ఒకటి బోనస్. కూర పెంచడమో నీళ్లు పోయడమో తప్ప దారి లేదు.

తర్వాత పండగకి బాబాయ్ మూడు గిన్నెల్లో వండాడు. నీళ్లు కాగితం మీద లెక్కేసి మరీ పోశాడు. మూత మీద చెయ్యి పడకుండా పక్కన పిల్లాణ్ని కాపలా పెట్టాడు. అన్నం పువ్వులా వచ్చింది. అత్తయ్య కూడా ఏమీ అనలేకపోయింది. కూరలో ఉప్పు మాత్రం ఇద్దరు వేశారు. ఆ రెండోవారు ఎవరో ఇంతవరకు తేలలేదు.