14 వేల లాప్‌టాప్‌తో భజనలో హార్మోనియం: ఉబుంటు స్టూడియో, క్యూసింత్ రివ్యూ

అందరికీ నమస్కారం. ఇదిగో, ఈ సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ 14 వేలకు కొన్నాను. 8 జీబీ ర్యామ్. పక్కన చిన్న మిడి కీబోర్డు (ఏ కీ నొక్కామో లాప్‌టాప్‌కి చెప్పేది), ఒక యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే లాప్‌టాప్ శబ్దాన్ని బయటి స్పీకర్లకు పంపే పెట్టె. సాఫ్ట్‌వేర్ అంతా ఓపెన్ సోర్సే, దానికి పైసా ఖర్చు కాలేదు. ఏడాదిగా మా రామాలయం భజనల్లో హార్మోనియం, తంబూర రెండూ దీంతోనే.

ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటు స్టూడియో. రికార్డింగ్‌కి ఆర్డోర్ అనే ప్రోగ్రామ్ అందులోనే వస్తుంది. తంబూర నేనే రికార్డు చేసుకుని, శ్రుతికో ముక్క చొప్పున లూప్‌లో పెట్టుకున్నాను. హార్మోనియానికి క్యూసింత్ అనే ప్రోగ్రామ్‌లో సౌండ్‌ఫాంట్ ఫైల్ (వాద్యం స్వరాల రికార్డింగులు ఉన్నది) ఒకటి వేస్తే చాలు. పాడేవాళ్లు ఒకటిన్నర శ్రుతి అన్నా, నాలుగున్నర అన్నా కీబోర్డులో శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కడమే. గమకాలు పలకవు, నిజమే. అవి అసలు హార్మోనియం మీదా పలకవు కదా.

అసలు సంగతి లేటెన్సీ, అంటే కీ నొక్కాక స్వరం వినపడేలోపు పట్టే ఆలస్యం. పాత లాప్‌టాప్ లైవ్‌కి పనికిరాదని చాలామంది వదిలేసేది ఇక్కడే. మొదట్లో నా బఫర్, అంటే లాప్‌టాప్ ఒక్కో విడతకి సిద్ధం చేసి పంపే శబ్దం ముక్క, 1024 శాంపిళ్లు (శబ్దం కొలతలు). సెకనుకు 48,000 శాంపిళ్ల లెక్కన ఆ బఫర్ ఒక్కటే 21 మిల్లీసెకన్లు తింటుంది. ఆ కాస్త సమయంలో శబ్దం గాలిలో 7 మీటర్లు వెళ్తుంది. హార్మోనియం మన ముందే ఉన్నా, శబ్దం గుడి అవతలి గోడ దగ్గర్నుంచి వస్తున్నట్టు ఉంటుంది. నెమ్మదిగా సాగే కీర్తనలో సర్దుకుపోవచ్చు. డోలక్ వేగం అందుకుందా, చేతులు తాళానికి వెనకపడిపోతాయి.

బఫర్ 256కి తగ్గించాను. 5.3 మిల్లీసెకన్లు. ఇంటర్‌ఫేస్ సొంత ఆలస్యం కొంత కలుస్తుంది, అయినా నా వేళ్లకు తేడా తెలియలేదు. 128 పెడితే ప్రాసెసర్ అందుకోలేక చిటపటలు. అప్పుడు క్యూసింత్‌లో రివర్బ్, కోరస్ అనే ఎఫెక్టులు ఆపేసి, పాలిఫొనీ (ఒకేసారి మోగగల స్వరాల సంఖ్య) 256 నుంచి 64కి దించాను. 128 దగ్గరా నిలబడింది. ఈ పాత ప్రాసెసర్ అంత పని చేస్తుందని నేను అనుకోలేదు, చాలా సంతోషం వేసింది.

ఒకసారి శ్రీరామనవమి రాత్రి పాట మధ్యలో శబ్దం తెగిపోయింది. పాడుతున్న పెద్దాయన నావైపు చూశారు, నాకు చెమటలు పట్టాయి. వైఫై ఆన్‌లో ఉండి వెనకాల అప్‌డేట్లు దిగుతున్నాయి. అప్పట్నుంచి స్టేజీ ఎక్కే ముందే వైఫై ఆపేస్తున్నాను. ఛార్జర్ పెడితే స్పీకర్లలో గుయ్‌మని ఒక హోరు కూడా వచ్చేది. మైక్ సెట్ తమ్ముడు మధ్యలో డీఐ బాక్స్ (ఇలాంటి కరెంటు హోరును ఆపే చిన్న పెట్టె) పెట్టగానే పోయింది.

సినిమా స్థాయి ఆర్కెస్ట్రా లైబ్రరీలు (వాద్యాల రికార్డింగుల పెద్ద సేకరణలు) కావాలంటే మాత్రం ఈ మెషీన్ సరిపోదు, ర్యామ్ చాలదు.

ఇప్పుడు ఒకే పల్లవి 1024లో, తర్వాత 128లో వాయిస్తాను. మైక్ కీల దగ్గరే పెట్టాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. వేలు తగిలిన టక్ శబ్దానికీ, స్వరానికీ మధ్య ఎంత ఖాళీ ఉందో వినండి.