రగ్గు గొడవ: నార్విచ్ నుంచి కార్డిఫ్‌కి గుర్రంతో సహా

సుధ: ఎర్ర లైటు వెలిగింది, మొదలైనట్టే. అందరికీ నమస్కారం. ప్రసాదన్నా, ముందే చెబుతున్నా, ఈ రోజు నీ షెట్లాండ్ పోనీల మాటెత్తకూడదు.

ప్రసాద్: ఇంకా నోరే తెరవలేదు కదమ్మా.

సుధ: తెరిస్తే అదే వస్తుందని. సరే, ఈ వారం విషయం. మన శ్రోత ఒకావిడ ఇంగ్లండ్ తూర్పున నార్విచ్‌లో ఉంటారు. ఉద్యోగం మారి పడమట వేల్స్‌లోని కార్డిఫ్ వెళ్తున్నారు, గుర్రం కూడా వెంటే. అక్కడి వాతావరణానికి తనేం సిద్ధం చేసుకోవాలి, గుర్రానికి ఏం మారుతుంది అని అడిగారు. తూర్పు నుంచి పడమరకి. నువ్వు తూర్పు, నేను పడమర. పోట్లాటకి అన్నీ కుదిరాయి.

ప్రసాద్: పోట్లాట దేనికి, లెక్క చెప్తే సరిపోయె. నార్విచ్‌లో ఏడాదికి 650 మిల్లీమీటర్ల చిల్లర. కార్డిఫ్‌లో 1,100 దాటుతుంది.

సుధ: వానగేజీ తీశాడండీ.

ప్రసాద్: నేనుండే వైపు ఇంకా తక్కువ. కేంబ్రిడ్జ్ దగ్గర 560, 570. మా అనంతపురం జిల్లా సగటు కూడా ఇంచుమించు అంతే.

సుధ: సముద్రాలు దాటి వచ్చి మళ్లీ అనంతపురంలోనే దిగావన్నమాట.

ప్రసాద్: నవ్వు, నవ్వు. అక్కడ పడిన చుక్క ఎండకి ఎగిరిపోతుంది. ఇక్కడ నవంబరులో పడింది మార్చి దాకా నేలలోనే ఉంటుంది. అందుకే మా వైపు వాన తక్కువని కొత్తవాళ్లకి చెప్తే నమ్మరు. వచ్చి చూస్తే గేటు దగ్గర మోకాలి లోతు బురద.

సుధ: మా లాంకషైర్‌లో, ప్రెస్టన్ దగ్గర, వెయ్యికి అటూ ఇటూ. గాలి నైరుతి నుంచి, అట్లాంటిక్ మీదుగా తడి మోసుకొస్తుంది. పెనైన్ కొండలు ఎక్కేలోపు ఆ బరువంతా మా నెత్తిన దించి, అవతల యార్క్‌షైర్‌కి తేలిగ్గా వెళ్తుంది. లేక్ డిస్ట్రిక్ట్‌లో సీత్‌వెయిట్ అని ఒక ఊరుంది, ఏటా 3,000 మిల్లీమీటర్ల పైనే. ఎసెక్స్ తీరంలో 500కి కాస్త ఎక్కువ. రెండూ ఇంగ్లండే. అయినా టీవీలో వాతావరణం చెప్పేటప్పుడు దేశమంతటికీ కలిపి "జల్లులు" అని ఒక్క మాటలో తేల్చేస్తారు.

ప్రసాద్: సరే, ఆవిడ అడిగిన రెండో ప్రశ్న చూడు. "ఎలాంటి రగ్గు కొనాలి?" అంట. దీనికి నా దగ్గర జవాబుంది. 300 గ్రాములది, అంటే చదరపు మీటరుకి అంత దూది ఉన్నది, మంచిది ఒకటి కొనేయండి, చలికాలం గట్టెక్కుతుంది.

సుధ: అయిపోయింది. ఈ రోజు ఇక ఇదే.

ప్రసాద్: ఏమైంది?

సుధ: గుర్రం ఏ జాతి? వయసెంత? బొచ్చు కత్తిరించారా లేదా? ఏమీ తెలియకుండా 300 గ్రాములా! నీ గుర్రానికి నాకన్నా ఎక్కువ బట్టలున్నాయి అన్నా. పెళ్లికూతురి పెట్టె కూడా అంత ఉండదు.

ప్రసాద్: నాది రేసుల్లోంచి వచ్చిన థరోబ్రెడ్. చర్మం కాగితమంత ఉంటుంది. నీది ట్యాంకు.

సుధ: కాబ్. ట్యాంకు కాదు, కాబ్. దిట్టంగా ఉండే రకం, అంతే. పైగా కాళ్ల నిండా కుచ్చులతో అందగాడు. సరే, సైన్సే మాట్లాడదాం. మనకి చలేస్తే గుర్రానికీ చలేస్తుందనుకోవడం దగ్గరే తేడా వస్తోంది. ఆరోగ్యంగా ఉన్న గుర్రం సుమారు 5 డిగ్రీల నుంచి 25 దాకా ప్రత్యేకంగా ఏ శ్రమా పడకుండా ఒంటి వేడి కాపాడుకుంటుంది. నువ్వు 12 డిగ్రీలకే జాకెట్ వేసుకుని, జాలిపడి దానికీ కప్పుతున్నావు. పాపం అది లోపల ఉడికిపోతుంది.

ప్రసాద్: ఆ 5 డిగ్రీల లెక్క గాలి లేని, పొడిగా ఉన్న రోజుకి. మీ లాంకషైర్‌లో అలాంటి రోజు ఎప్పుడొచ్చింది?

సుధ: అక్కడికే వస్తున్నా. చలికి గుర్రం బొచ్చు నిక్కబొడుచుకుంటుంది. ఆ వెంట్రుకల మధ్య గాలి పొరే దాని దుప్పటి. నువ్వు రగ్గు వేశావంటే ఆ బొచ్చు అణిగిపోతుంది. పలచటి రగ్గయితే కొన్నిసార్లు ఏమీ వేయకపోవడం కన్నా అధ్వానం.

ప్రసాద్: అందుకే కదా 300 అన్నది!

సుధ: అబ్బా. ఇంకోటి విను. దానికి అసలు హీటరు కడుపులో ఉంది. పీచు మేత పెద్దపేగుల్లో పులిసేటప్పుడు వేడి పుడుతుంది. చలి పెరిగితే ముందు ఎండుగడ్డి పెంచాలి, తర్వాత బట్టల సంగతి చూడాలి.

ప్రసాద్: నార్వే వాళ్లు ఏం చేశారో చెప్పనా?

సుధ: చెప్పు. అది నా పక్షమే.

ప్రసాద్: నా పక్షం. 2016లో వచ్చిన పరిశోధన. 23 గుర్రాలకి బోర్డుల మీద గుర్తులు నేర్పారు. రగ్గు వెయ్యి, తియ్యి, ఉన్నట్టే ఉంచు, ఇలా మూడు. ముక్కుతో ఏ బోర్డు తాకితే అది చేశారు. వాన, గాలి, చలి కలిసిన రోజున అవి రగ్గు అడిగాయి. గుర్రాలే నోరు తెరిచి అడిగినట్టు! ఇంకేం సాక్ష్యం కావాలి?

సుధ: వాతావరణం బాగున్న రోజు వద్దన్నాయి. ఆ సగం ఎందుకు మింగేశావు?

ప్రసాద్: ...వద్దన్నాయి.

సుధ: చూశారా అండీ.

ప్రసాద్: కాదు సుధమ్మా, నేను అడిగేది ఒకటే. కార్డిఫ్‌లో వాన, గాలి రెండూ ఉంటాయి. అలాంటి చోట తడిసిన బొచ్చు వంటికి అంటుకుపోతుంది, నువ్వు చెప్పిన గాలి పొర ఇక ఉండదు. మా సఫోక్‌లో మైనస్ 3, పొడి మంచు, పైన ఎండ. ఆ రోజు నా వాడు ఒంటి మీద ఏమీ లేకుండా కూడా కులాసాగా ఉంటాడు. మీ వైపు 6 డిగ్రీలు, అడ్డంగా కొట్టే వాన. ఆ రోజే వణుకుతాడు. థర్మామీటర్ చూస్తే మీదే వెచ్చని ఊరు.

సుధ: ఇది సరిగ్గా నా మాట! తడి ఆపాలి, గాలి ఆపాలి. దానికి లోపల దూది లేకుండా ఒట్టి వానరగ్గు చాలు. మెడ దాకా కప్పేది, డెనియర్, అంటే నూలు మందం, ఎక్కువున్నది, కంచెకి తగిలినా చిరగనిది. గ్రాములు కాదు, నీళ్లు లోపలికి దిగకపోవడం ముఖ్యం.

ప్రసాద్: నేనూ అదే అంటున్నా.

సుధ: నువ్వు 300 గ్రాములన్నావు! రికార్డులో ఉంది!

ప్రసాద్: ముసలి గుర్రమైతే? బొచ్చు కత్తిరించినదైతే? బక్కచిక్కినదైతే?

సుధ: వాటికి వెయ్యాలి, ఎవరు కాదన్నారు? ముందు అడిగి తెలుసుకోమన్నాను అంతే. చెవులు పట్టుకుని చూసి చలని తేల్చడం కాదు, రగ్గు కింద భుజం వెనక చెయ్యి పెట్టి చూడాలి. చెమటగా తగిలితే ఎక్కువైనట్టే.

ప్రసాద్: షెట్లాండ్‌లో అయితే...

సుధ: వచ్చేసింది.

ప్రసాద్: ఒక్క మాట. స్కాట్లాండ్‌కి ఉత్తరాన చెట్టు లేని దీవులు, ఏడాదంతా గాలి. డిసెంబరులో పగలు ఆరు గంటలు కూడా ఉండదు. ఆ పోనీకి రెండు పొరల బొచ్చు. పై వెంట్రుకల మీంచి నీళ్లు జారిపోతాయి, కింది పొర పొడిగానే ఉంటుంది. గాలికి పిరుదులు తిప్పి నిలబడుతుంది, తోక అడ్డం. ఎత్తు చూస్తే 42 అంగుళాలు మించదు. దానికి రగ్గు కప్పే మహానుభావులు లండన్ పక్కన సర్రేలో ఉన్నారు, నేను కళ్లారా చూశాను.

సుధ: అంటే నువ్వు కూడా రగ్గు వద్దనే అంటున్నావు.

ప్రసాద్: షెట్లాండ్‌కి వద్దు. నా వాడికి కావాలి. వాడు షెట్లాండ్ కాదు.

సుధ: (నవ్వు) నీతో పెట్టుకుని ఎవరూ గెలవలేదు. సరే, నేను నిజంగా మాట్లాడాలనుకున్నది బురద గురించి. రగ్గు కొనుక్కుంటే దొరుకుతుంది. నేలని కొనలేం. 2022 అక్టోబరు నుంచి 2024 మార్చి దాకా పద్దెనిమిది నెలలు, ఇంగ్లండ్‌లో 1836 నుంచి రాసిపెట్టిన లెక్కల్లో అంత వాన ఎప్పుడూ పడలేదు. ఆ చలికాలం మా వాళ్లంతా ఏమైపోయారో నీకు తెలుసు.

ప్రసాద్: తెలుసు.

సుధ: నేనప్పుడు గుర్రాన్ని పెట్టిన యార్డ్ పేరు చెప్పను. ఫీల్డ్ పాడవుతుందని గేటుకి తాళం వేశారు. నేల వాళ్లది, కాదనలేం. కానీ గుర్రం రోజులో ఎక్కువ గంటలు నడుస్తూ మేసే జంతువు. పన్నెండడుగుల గదిలో వారాల తరబడి నిలబెడితే తల అటూ ఇటూ ఊపడం మొదలుపెడుతుంది. కాళ్లు వాస్తాయి. పక్క స్టేబుల్ అమ్మాయి సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి చీకటి. హెడ్ టార్చ్ పెట్టుకుని తన గుర్రాన్ని కాసేపు నడిపించి, వాడి మెడ పట్టుకుని ఏడ్చేది. చివరికి ఇచ్చేసింది, వేరేవాళ్లకి.

ప్రసాద్: ఆ బూడిద రంగు వాడా?

సుధ: వాడే.

ప్రసాద్: మంచి గుర్రం.

సుధ: ఊఁ. ఇక బయటికి వదిలిన వాళ్లకి మడ్ ఫీవర్. చర్మం నానినానీ మెత్తబడితే బ్యాక్టీరియా లోపలికి దూరుతుంది, గిట్ట పైన పక్కులు కడతాయి. మన వాళ్లు ఏం చేస్తారు? రోజూ సాయంత్రం పైపు పెట్టి కాళ్లు కడుగుతారు. ఇంకా నానబెడుతున్నారు! బురదని ఎండనిచ్చి బ్రష్‌తో దులపండి. కడిగితే పూర్తిగా ఆరబెట్టండి. అదే సూక్ష్మజీవి వీపు మీద పడితే రెయిన్ స్కాల్డ్ అంటారు. పడమటి వైపు ఉండేవాళ్లకి ఈ రెండు పేర్లూ బాగా తెలిసినవే.

ప్రసాద్: మాకేమీ కష్టాలు లేవనుకోకు. 2022 జులై 19న లింకన్‌షైర్‌లోని కోనింగ్స్‌బీలో 40.3 డిగ్రీలు. ఈ దేశానికి అదే రికార్డు. మా పక్కనే. ఆ వేసవిలో ఫీల్డ్ రాయి అయిపోయింది. దాని మీద పరిగెత్తిస్తే కాళ్లు దెబ్బతింటాయి. పచ్చగడ్డి లేదు. ఆగస్టులోనే చలికాలం ఎండుగడ్డి తీసి పెట్టాల్సి వచ్చింది. అప్పుడు మీ పడమటి వాళ్ల ఫొటోల్లో ఇంకా పచ్చదనం కనిపిస్తుంటే నాకెంత కడుపు మండిందో. 

సుధ: ఏడుపు అందరికీ సమానంగానే పంచాడులే దేవుడు.

ప్రసాద్: సమానంగా పంచలేదు. సుద్దనేల మీద ఉన్నవాళ్లకి తక్కువ ఇచ్చాడు. న్యూమార్కెట్‌లో రేసు గుర్రాలు ఊరికే లేవు. నీళ్లు కిందికి దిగిపోయే నేల అది. లాంబోర్న్ కూడా అంతే. ఎసెక్స్ బంకమట్టిలో 550 మిల్లీమీటర్లు పడితే సర్వనాశనం. సుద్ద మీద 800 పడినా గుర్రం ఆరిన కాళ్లతో ఇంటికొస్తుంది.

సుధ: ఇది ఆవిడకి పనికొచ్చే మాట. టైము చూస్తే అయిపోవస్తోంది, గబగబా చెప్పేద్దాం. కార్డిఫ్ చుట్టుపక్కల లివరీ, అంటే డబ్బు కట్టి గుర్రాన్ని ఉంచే చోటు, వెతికేటప్పుడు జూన్‌లో చూసి మోసపోకండి, ఫిబ్రవరిలో ఒకసారి వెళ్లి గేటు దగ్గర నేల చూడండి. చలికాలం ఎన్ని రోజులు బయటికి వదులుతారో ముందే రాయించుకోండి.

ప్రసాద్: గడ్డి సంగతి. సౌత్ వేల్స్ తీరంలో చలికాలం మెత్తగా ఉంటుంది. నేల మరీ చల్లబడకపోతే గడ్డి పెరుగుతూనే ఉంటుంది. నార్విచ్‌లో చలికాలంలో సన్నబడే పోనీ అక్కడ సన్నబడదు. వసంతం వచ్చేసరికి ఒళ్లుండి, పైగా కొత్తగడ్డి. లామినైటిస్‌కి, అదే గిట్టల లోపల వాపొచ్చే జబ్బుకి, రాచబాట. రాత్రి మంచు పడి పొద్దున ఎండ కాసిన రోజు మరీ జాగ్రత్త. ఎండకి గడ్డిలో చక్కెర తయారవుతుంది, చలికి గడ్డి ఎదగదు, ఆ చక్కెరంతా కాడల్లోనే ఉండిపోతుంది.

సుధ: మేత కూడా మారుతుంది. ఎండుగడ్డి చేయాలంటే కోశాక వరసగా నాలుగైదు పొడి రోజులు కావాలి. పడమట అన్ని రోజులు ఒకేసారి దొరకవు. అందుకే సగం ఎండగానే ప్లాస్టిక్‌లో చుట్టి హేలేజ్ చేస్తారు.

ప్రసాద్: హేలేజ్ నాకు నచ్చదు.

సుధ: ఎందుకు?

ప్రసాద్: ఒక్క గుర్రం ఉన్నవాళ్లు పెద్ద బేల్ విప్పితే అది తినేలోపు బూజు పడుతుంది. పారేసిన హేలేజ్ ఖరీదుతో...

సుధ: పక్కవాళ్లతో పంచుకోవచ్చు. లేదా చిన్న ప్యాకెట్లు కొనుక్కోవచ్చు. దగ్గుండే గుర్రాలకి దుమ్ము లేని హేలేజే నయం, ఆ మాట నువ్వే...

ప్రసాద్: చిన్న ప్యాకెట్ల రేటు చూశావా?

సుధ: చూశాను. నీ రగ్గుల కన్నా తక్కువే. అయ్యో, ఆగు. ఫారియర్ వ్యాను వచ్చింది, నాడాలు కొట్టే అతను.

ప్రసాద్: పదకొండింటికి అన్నాడు కదా.

సుధ: ముందొచ్చాడు. ఈ ఊళ్లో ముందొచ్చే ఫారియర్ ఇతనొక్కడే, నిలబెట్టానంటే మళ్లీ ఆరు వారాలు దొరకడు. నా గుర్రం కాళ్లేమో ఇంకా బురదలోనే ఉన్నాయి. నేను వెళ్తున్నా అన్నా, నువ్వు మాట్లాడుతూ ఉండు.

ప్రసాద్: ఒక్కడినే ఏం మాట్లాడను? సుధా? మైకు ఆపకుండానే వెళ్లిపోయింది.