ఫ్రాన్స్ వెళ్లకముందు రాసిన ఉత్తరాలు

నమస్తే. యుద్ధకాలం ఉత్తరాలు అనగానే మన మనసు నేరుగా కందకాల్లోకి, ఫిరంగుల మోతలోకి వెళ్లిపోతుంది. ఈరోజు అటు వెళ్లడం లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917, 1918లో అమెరికన్ కుర్రాళ్లు ఫ్రాన్స్‌కు ఓడ ఎక్కకముందు, ట్రైనింగ్ క్యాంపుల్లో కూర్చుని ఇంటికి రాసిన ఉత్తరాల గురించి మాట్లాడుకుందాం.

ఎవరింట్లోనైనా ఇలాంటి ఉత్తరాల కట్ట బయటపడితే, చాలామంది క్యాంపు భాగాన్ని గబగబా తిప్పేసి ఫ్రాన్స్ దగ్గర ఆగుతారు. నన్నడిగితే క్యాంపు భాగం దగ్గరే ఆగి చదవాలి. ఎందుకంటే, ఫ్రాన్స్ నుంచి సిపాయి రాసిన ఉత్తరాన్ని ఇంట్లోవాళ్ల కంటే ముందు అతని ఆఫీసరే చదివేవాడు. ఉన్న ఊరి పేరు రాయకూడదు, పటాలం ఎటు కదులుతోందో రాయకూడదు. అందుకే వాటి పైన 'ఫ్రాన్స్‌లో ఎక్కడో' అని ఉంటుంది. స్వదేశంలో ఉన్న క్యాంపు నుంచి రాసే ఉత్తరానికి మామూలుగా ఈ కాపలా లేదు. తిండి బాగోలేదన్నా, సార్జెంటును తిట్టినా అలాగే ఇంటికి చేరేది.

తిట్టుకోవడానికి కారణాలు కూడా బోలెడు. 1917 ఏప్రిల్‌లో యుద్ధంలోకి దిగేనాటికి అమెరికా దగ్గర చెప్పుకోదగ్గంత పెద్ద సైన్యమే లేదు. మే 18న నిర్బంధ సైనిక సేవ చట్టం వచ్చింది. కొన్ని నెలల్లో 32 క్యాంపులు లేపారు. పదహారింటిలో చెక్క బ్యారక్‌లు, మిగతా పదహారింటిలో గుడారాలు. సెప్టెంబరులో మొదటి బ్యాచ్ దిగేసరికి చాలాచోట్ల యూనిఫాంలు చాల్లేదు, తుపాకులు చాల్లేదు. కొయ్య తుపాకులు పట్టుకుని కవాతు చేశారు! టైఫాయిడ్ సూదులకు వాచిన చేతులు, తెల్లవారకముందే బ్యూగుల్, వంటశాల డ్యూటీలో బంగాళాదుంపల తొక్క తీయడం... ఇవన్నీ ఈ ఉత్తరాల్లో పదేపదే కనిపిస్తాయి. మొదట్లో విసుగ్గా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ వరసగా చదివితే, ఇంటిమీద బెంగపడ్డ కుర్రాడు మెల్లగా 'మా కంపెనీ' అనడం మొదలుపెట్టే చోటు మీకే దొరుకుతుంది.

కాగితం సంగతి చూడండి. చాలా ఉత్తరాల మీద ఎర్ర త్రిభుజం గుర్తు ఉంటుంది. అది వై.ఎం.సి.ఎ. అనే క్రైస్తవ యువజన సంఘం గుర్తు. క్యాంపుల్లో వాళ్లు నడిపే 'హట్' అనే హాళ్లలో కాగితం, కవర్లు ఉచితం. స్టాంపు మాత్రం ఉచితం కాదు. 1917 నవంబరులో ఉత్తరం ఖర్చు రెండు సెంట్ల నుంచి మూడు సెంట్లకు పెంచారు. ఫ్రాన్స్ చేరాక సిపాయికి పోస్టేజీ లేదు కానీ, క్యాంపులో ఉన్నన్నాళ్లూ కట్టాల్సిందే.

ఇంకో విషయం. ఆ అక్షరాలు అతనివే అని వెంటనే అనేసుకోకండి. క్యాంపుల్లో సైన్యం పెద్ద ఎత్తున తెలివితేటల పరీక్షలు పెట్టింది. ఎవరికి ఏ పరీక్ష ఇవ్వాలో తేల్చడానికి వాళ్లు చూసిందేమిటంటే, ఈ మనిషి పేపర్ చదివి అర్థం చేసుకోగలడా, ఇంటికి ఉత్తరం రాయగలడా అని. దాదాపు 25 శాతం మందికి చేతకాలేదు. పైగా సైన్యంలో సుమారు 18 శాతం మంది వేరే దేశాల్లో పుట్టినవాళ్లు. ఇటలీ నుంచో రష్యా నుంచో వచ్చి, ఇంగ్లీషు ఇంకా సరిగా పట్టుబడనివాళ్లు. అలాంటివాళ్లకు హట్‌లో పనిచేసేవాళ్లో, పక్క మంచం కుర్రాడో ఉత్తరం రాసిపెట్టేవాడు. అంటే అమ్మతో చెప్పాల్సిన మాట మూడో మనిషి ముందు చెప్పాలి. కొన్ని ఉత్తరాలు మరీ పొడిగా ఉంటే, కారణం ప్రేమ లేకపోవడం కాకపోవచ్చు. క్యాంపుల్లోనే చదువు క్లాసులు కూడా నడిపారు.

ఇక డబ్బు. మామూలు సిపాయికి నెలకు 30 డాలర్లు. పెళ్లయినవాడైతే అందులో 15 తప్పనిసరిగా భార్యకు వెళ్లాలి, దానికి ప్రభుత్వం కొంత కలిపేది. 1917 అక్టోబరు చట్టంతో 10,000 డాలర్ల దాకా బీమా కూడా తీసుకోవచ్చు. దాని ప్రీమియం మళ్లీ జీతంలోంచే. అందుకే 'డబ్బు అందిందా?' అనే ప్రశ్న అంత తరచుగా వస్తుంది. జవాబేమిటో మాత్రం మనకు చాలాసార్లు తెలియదు. సిపాయి ఉత్తరాల్ని ఇంట్లో దాచుకున్నారు, ఇంటి నుంచి వెళ్లిన ఉత్తరాలు సంచుల్లో తిరిగి తిరిగి పోయాయి. ఫోన్ మాట్లాడే మనిషి పక్కన కూర్చుని ఒక వైపే వింటున్నట్టు ఉంటుంది.

సెన్సార్ లేదన్నాను కదా, మరి అంతా నిజమే రాశారా అంటే, ఒక్క విషయంలో కాదు. జబ్బు. 1917 చలికాలంలో ఇరుకు క్యాంపుల్లో తట్టు, న్యుమోనియా పాకాయి. 1918 సెప్టెంబరులో బోస్టన్ దగ్గరి క్యాంప్ డెవెన్స్‌ను ఇన్‌ఫ్లుయెంజా ముంచెత్తింది. అక్కడి ఆసుపత్రి డాక్టరు సెప్టెంబరు 29న ఒక స్నేహితుడికి రాసిన ఉత్తరం మిగిలింది. సంతకం 'రాయ్' అని మాత్రమే. 1979లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. రోజుకు వందమంది దాకా పోతున్నారని, శవాల కోసం ప్రత్యేక రైళ్లు పెట్టారని అందులో ఉంది. అది డాక్టరు ఇంకో డాక్టరుకు రాసింది కాబట్టి దాపరికం లేదు. కొడుకు అమ్మకు రాసేటప్పుడు 'కొంచెం జలుబు చేసింది, క్వారంటైన్ పెట్టారు, కంగారు పడకు' దగ్గరే ఆగిపోతాడు. ఫ్రాన్స్ చూడకుండానే ఇన్‌ఫ్లుయెంజా, న్యుమోనియాలతో పోయిన అమెరికన్ సైనికులు దాదాపు 30,000 మంది. అందుకే 1918 శరదృతువు నాటి ఉత్తరంలో 'జలుబు' కనిపిస్తే, నేను తర్వాతి ఉత్తరం తేదీ చూశాకే ఊపిరి పీలుస్తాను.

కట్టలో ఒక అచ్చు కార్డు కూడా ఉండొచ్చు. 'నేనెక్కిన ఓడ క్షేమంగా ఆవలి ఒడ్డు చేరింది' అని. దాన్ని చేరాక రాసిందనుకోకండి. ఓడ ఎక్కేముందే సంతకం చేయించుకుని ఇక్కడే ఉంచేవాళ్లు. ఓడ చేరిందని కబురు వచ్చాక పోస్టు చేసేవాళ్లు.

కవర్లు ఉంటే పారేయకండి. 1973 జులై 12న సెయింట్ లూయిస్‌లో సైనిక రికార్డుల కేంద్రం తగలబడింది. 1912 నుంచి 1960 మధ్య సైన్యం నుంచి విడుదలైనవాళ్ల ఫైళ్లలో సుమారు 80 శాతం పోయాయి. క్యాంపు పేరు, పోస్టుమార్కు తేదీ, మూలన రాసుకున్న కంపెనీ, రెజిమెంట్ నంబరు... కాలిపోయిన ఫైలును మళ్లీ కూర్చాలంటే పనికొచ్చేవి ఇలాంటి వివరాలే.