బల్ల మీద బండి: పాకాల వైపీ, కిటికీ ఊచలు, ఊగే సిగ్నల్ చెయ్యి

తిరుపతి: నమస్కారం సామీ, బల్ల మీద బండి పాడ్‌కాస్ట్. కొత్తగా వింటున్నవాళ్లకు ఒక మాట, మా దగ్గర పేర్లుండవు, ఊర్లే పేర్లు. నేను తిరుపతి, ఎదురుగా పాకాల మామ, పక్కన చిత్తూరు అక్క. చిన్న సైజు రైళ్లు చేసుకునే పిచ్చి ముగ్గురికీ సమానంగా పట్టింది. ఈ రోజు ఒకటే రూలు, పూర్తయిన బొమ్మల గురించి ఎవరూ మాట్లాడకూడదు, ఈ వారం బల్ల మీద సగంలో ఏం పడి ఉందో అదే చెప్పాలి.

పాకాల: పూర్తయిందంటూ ఒకటి ఉంటే కదరా మాట్లాడేది.

చిత్తూరు: మామ ఆ ఇంజిన్ మొదలుపెట్టినప్పుడు మా పాప ఎల్‌కేజీ. ఇప్పుడు మూడో క్లాసు. (నవ్వులు)

తిరుపతి: అయితే మామతోనే మొదలుపెడదాం. ఏం మామా, వైపీ నడిచిందా?

పాకాల: నడవలేదు, కుంటింది. చెప్తా ఉండు. వైపీ అంటే మీటర్ గేజ్ మీద, అంటే రెండు పట్టాల మధ్య మీటరు దూరం ఉండే లైన్ మీద, ప్యాసింజర్ బండ్లు లాగిన ఆవిరి ఇంజిన్. ముందర నాలుగు చిన్న చక్రాలు, మధ్యలో ఆరు పెద్దవి, వెనక రెండు. పాకాల నుంచి పీలేరు, మదనపల్లె రోడ్డు, ములకలచెరువు, కదిరి మీదుగా ధర్మవరం దాకా 227 కిలోమీటర్లు, 2010లో బ్రాడ్ గేజ్ అయిందాకా అదంతా మీటర్ గేజే కదా. మా నాయన ఆ లైన్లో గ్యాంగ్‌మన్. చిన్నప్పుడు ఆయనకు అన్నం క్యారియర్ ఎత్తుకుపోతే చింతచెట్టు కింద కూర్చుని తింటా ఉండేవాడు, ఎదురుగా ఈ బండి పోయేది. నాకు ఆ బండే కావాల. కొందామంటే ఇంగ్లండ్ ఇంజిన్లు, జర్మనీ ఇంజిన్లు, అమెరికా ఇంజిన్లు ఎన్నైనా ఉంటాయి. పాకాల బండి ఎవడు చేసి పెడతాడు? అందుకే ఇత్తడి రేకు, ఆకురాయి, టంకం.

తిరుపతి: పట్టాల మాట చెప్పు మామా, చాలామంది అదే అడుగుతున్నారు.

పాకాల: ఇది హెచ్‌ఓ స్కేలు, అంటే అసలుకి 87వ వంతు. మీటర్‌ని 87తో భాగిస్తే పదకొండున్నర మిల్లీమీటర్లు. స్విట్జర్లాండ్ కొండల్లో మీటర్ గేజ్ బండ్లు ఇప్పటికీ తిరుగుతా ఉండాయి కాబట్టి, వాళ్ల బొమ్మల కోసం 12 మిల్లీమీటర్ల పట్టాలు అమ్ముతారు. అర మిల్లీమీటరే తేడా. నా కళ్లకు అది కనిపించే వయసు దాటిపోయింది. మీ ఇద్దరి మాదిరి అబద్ధం పట్టాలు కాదు నావి.

చిత్తూరు: వచ్చింది, వచ్చేసింది! ఇంకా రాలేదేందా అనుకుంటున్నా.

తిరుపతి: వినేవాళ్ల కోసం నేనే ఒప్పేసుకుంటా. మన బ్రాడ్ గేజ్ 1676 మిల్లీమీటర్లు. హెచ్‌ఓలో అది 19.3 దాకా రావాలి, కానీ దొరికే పట్టా 16.5. నాది ఎన్ స్కేలు, 160వ వంతు, అక్కడ 10.5 రావాలి, దొరికేది 9. ఎందుకంటే ఆ పట్టాలన్నీ 1435 మిల్లీమీటర్ల యూరప్, అమెరికా గేజ్‌కి చేసినవి. అంటే నా పెట్టె కొలతలన్నీ సరిగ్గానే ఉంటాయి, కింద చక్రాలు మాత్రం ఒకటిన్నర మిల్లీమీటరు లోపలికి ముడుచుకుని ఉంటాయి.

పాకాల: లావుపాటి మనిషికి చిన్నపిల్లోడి చెప్పులు తొడిగినట్టు.

తిరుపతి: పక్కనుంచి చూస్తే తెలియదు మామా.

పాకాల: ఎదురుగా చూస్తే?

తిరుపతి: ఎదురుగా చూడనియ్యను. (నవ్వులు) అది పక్కన పెట్టి, కుంటిందన్నావు, ఎందుకు కుంటింది?

పాకాల: ఆవిరి ఇంజిన్‌కి రెండు పక్కలా కడ్డీలుంటాయి కదా చక్రాలను కలుపుతా. ఒక పక్క కడ్డీ పైన ఉన్నప్పుడు రెండో పక్కది ముందుకో వెనక్కో ఉండాల, అంటే రెండు పక్కలకీ మధ్య పావు చుట్టు తేడా. అసలు ఇంజిన్‌లో అది ఎందుకంటే, ఒక పక్క పిస్టన్ చివరికి పోయి బలం లేకుండా నిలబడినప్పుడు రెండోది మధ్యలో ఉండి తోస్తుంది. బొమ్మలో తోసేది మోటారే, కానీ కడ్డీలు తిరగాలంటే మూడు ఇరుసులకూ ఆ తేడా అచ్చం ఒకే మాదిరి ఉండాల. పావు చుట్టు అంటే 90 డిగ్రీలు కదా, నువ్వు 88 పెట్టినా పర్వాలేదు, కానీ మూడింటికీ 88 ఉండాల. నాకు రెండిటికి 90, వెనక దానికి ఎంతో ఆ దేవుడికే తెలుసు. చుట్టుకు ఒకసారి పట్టేస్తా ఉంది. పెద్ద చక్రం అసలు 1372 మిల్లీమీటర్లు, నా దగ్గర పదహారుకి కొంచెం తక్కువ, అందులో రెండు డిగ్రీలు కంటికి ఎట్ట కనిపిస్తాయి?

చిత్తూరు: ఫోన్లో ఫోటో తీసి పెద్దది చేసి చూడమన్నా కదా మామా.

పాకాల: చూసినా తల్లీ. చూసి, ఏడ్చి, ఊడదీసినా. ఇప్పుడు గట్టి చెక్కముక్కలో రెండు రంధ్రాలు చేసి, ఇరుసును అందులో కూర్చోబెట్టి, కడ్డీ తగిలించే పిన్నులు రెండూ చెక్క అంచులకు ఆనేదాకా తిప్పి, అప్పుడు చక్రం నొక్కుతా ఉండా. ఆ చెక్క యాడిదనుకున్నావు, ఏర్పేడు పక్కన మాధవమాల ఉంది కదా, కొయ్యబొమ్మలు చెక్కే ఊరు, ఆడ తెలిసినాయన ఇచ్చిన తునక. నూకమానంట. ఎర్రచందనం కాదు, ముందే చెప్తా ఉండా, రికార్డింగ్ కదా ఇది.

తిరుపతి: (పెద్దగా నవ్వు) అది కట్ చెయ్యను మామా, ఉంచేస్తా. అక్కా, నీ వంతు.

చిత్తూరు: నాది రెండు పనులు. ఒకటి నీ పనే తమ్ముడూ, నీ రైలుకి పెట్టెలు ప్రింట్ చేసి ఇస్తానన్నా కదా, త్రీడీ ప్రింటర్లో. ఒక పెట్టె బ్రహ్మాండంగా వచ్చింది. నీకు ఇద్దామని కారులో పెట్టుకుని తిరుపతి వచ్చా, ఎలాగూ వచ్చాం కదా అని అలిపిరి దగ్గర కారు పెట్టి నడిచి కొండెక్కాం, దర్శనం చేసుకుని మరుసటి రోజు మధ్యాహ్నం దిగాం. మే నెల. కారు తలుపు తీసి చూస్తే పెట్టె అప్పడంలా వంగిపోయి ఉంది.

తిరుపతి: ఆ ఫోటో చూసి నేను రెండు రోజులు అన్నం తినలేదు.

చిత్తూరు: తప్పు నాదే. పీఎల్ఏ అనే ప్లాస్టిక్‌తో చేశా, అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మూసిన కారు మే నెల ఎండలో ఎంత కాగుతుందో మనకు తెలియంది కాదు. ఇప్పుడు పీఈటీజీకి మారా, అది 80 దాకా ఆగుతుంది, కాకపోతే దారాలు దారాలుగా సాగుతుంది, ప్రతి కిటికీలోనూ సాలెగూడు కట్టినట్టు. ఒక్కో కిటికీ బ్లేడుతో శుభ్రం చెయ్యాలి.

తిరుపతి: అందుకే నేను ప్రింట్ కోసం ఎదురుచూడటం మానేసి పాత పద్ధతికి వెళ్లిపోయా అక్కా, ఏమనుకోవద్దు. ఇప్పుడు నా బల్ల మీద ఉన్నవి ఆరు ఐసీఎఫ్ పెట్టెలు, అదే చెన్నై పెట్టెల ఫ్యాక్టరీవి, నీలం రంగువి. అసలు పెట్టె 21.3 మీటర్లు, ఎన్ స్కేలులో 133 మిల్లీమీటర్లు. గోడలు ప్లాస్టిక్ షీటు, దానిమీద ఫోటో పేపర్ ప్రింటు అతికిస్తా. అంతా బాగానే ఉంది కానీ నా ప్రాణం తీసింది కిటికీ ఊచలు. మన రైలంటేనే ఊచలు కదా, అవి లేకపోతే ఏ దేశం బండో అర్థం కాదు. తీగతో చేద్దామంటే 160వ వంతులో ఏ తీగైనా దూలంలా కనిపిస్తుంది. చివరికి ఊచలను ప్రొజెక్టర్ షీటు మీద, అదే పారదర్శకంగా ఉంటుందే, దాని మీద లేజర్ ప్రింట్ తీసి లోపలి వైపు అతికించా. అద్దమూ అదే, ఊచా అదే. ఇంక్‌జెట్‌లో తీస్తే చెయ్యి తగలగానే చెరిగిపోయింది, ఆరు షీట్లు చెత్తబుట్టలోకి.

పాకాల: బాగుందిరా అది. పట్టాలెక్కిస్తే నిలబడుతుందా మరి?

తిరుపతి: అక్కడే ఉంది కథ. పెట్టె బరువు తూస్తే 14 గ్రాములు. వంపులో ఇంజిన్ ముందుకు లాగుతుంది, వెనకవి బరువు, మధ్యలో ఇది తేలిక, తాడు బిగించి లాగినట్టు లోపలి వైపుకి పడిపోతుంది. అమెరికాలో ఈ హాబీవాళ్ల సంఘం ఒక లెక్క పెట్టింది, ఎన్ స్కేలుకి అర ఔన్సు, దానిపైన ప్రతి అంగుళానికి 0.15 ఔన్సు. నా పెట్టెకి లెక్కేస్తే దాదాపు 36 గ్రాములు. టైర్లషాపులో చక్రాల బ్యాలెన్సింగ్‌కి అతికించే బిళ్లలుంటాయి కదా, అయిదు గ్రాములవి, అవి నాలుగు తెచ్చి సీట్ల కింద నేలకు అతికించా. పైకప్పుకి మాత్రం అతికించొద్దు సామీ, నేను చేశా ఆ తెలివితక్కువ పని, వంపు రాకముందే పడిపోయింది.

చిత్తూరు: బ్యాలస్ట్ సంగతి చెప్పవే? కంకర?

తిరుపతి: చెప్పాలా?

చిత్తూరు: చెప్పాలి. రూలు.

తిరుపతి: మొదట్లో పట్టాల మధ్య బొంబాయి రవ్వ పోశా. రంగు కలిపి, ఫెవికాల్ నీళ్లు పోసి, అందంగా. మూడో రోజు పొద్దున ఆ లైన్లో చీమలు డబుల్ ట్రాక్ వేశాయి. (నవ్వులు ఆగవు) పైగా సైజు కూడా తప్పు. అసలు కంకర పెద్దది 65 మిల్లీమీటర్లు, ఎన్ స్కేలులో అది 0.4. రవ్వ గింజ బండరాయిలా కనిపిస్తుంది. ఇప్పుడు క్రషర్ దగ్గర దొరికే రాతిపొడిని టీ జల్లెడలో, తర్వాత పాత చీర ముక్కలో జల్లించి వాడుతున్నా.

పాకాల: అయస్కాంతం?

తిరుపతి: ఆ, అది ముఖ్యం. ఇసుకైనా రాతిపొడైనా ముందు పేపర్ మీద పోసి అయస్కాంతం తిప్పాలి. నల్లటి ఇనుప రేణువులు అంటుకుని వస్తాయి. అవి అలాగే వదిలేస్తే మోటారులో ఉండే అయస్కాంతం లాక్కుంటుంది, ఇంజిన్ లోపల కరకరమని శబ్దం. ఇక అతికించేటప్పుడు ఫెవికాల్ నీళ్లలో ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బు వెయ్యాలి, లేకపోతే నీళ్లు ముత్యాల్లా పైనే నిలబడి పొడిని జరిపేస్తాయి. సరే, అక్కా, నీ రెండో పని?

చిత్తూరు: సిగ్నల్. మామ పాకాల స్టేషన్ కోసం. రంగు లైట్లది కాదు, పాత చెయ్యి సిగ్నల్. ఎర్ర చెయ్యి అడ్డంగా ఉంటే ఆగు, 45 నుంచి 60 డిగ్రీల మధ్య కిందికి వాలితే పో. కింద బల్లలో తొమ్మిది గ్రాముల సర్వో మోటారు, అంటే చెప్పిన కోణం దాకా తిరిగి ఆగేది, ఒక సన్నని తీగ, దాన్ని నడిపే ప్రోగ్రాం పెట్టడానికి ఆర్డ్యుయినో అనే చిన్న సర్క్యూట్ బోర్డు. పని చెయ్యడం మొదటి రోజే చేసింది. కానీ చూస్తే బొమ్మలా ఉంది, ప్రాణం లేదు. మామ వచ్చి చూసి ఒక మాటన్నాడు, ఇది ఊగడంలేదే అని.

పాకాల: క్యాబిన్లో లీవర్ లాగితే తీగ అంత దూరం సాగి పోవాల కదా. చెయ్యి ధబీమని పడి, రెండుసార్లు ఊగి అప్పుడు నిలబడేది. దూరం నుంచి చూస్తే రమ్మని తల ఊపినట్టుండేది.

చిత్తూరు: ఆ ఊగడం కోసం పదిహేను రోజులు. ఇప్పుడు చెయ్యి 50 డిగ్రీల దాకా పడి, 43కి లేచి, 47కి దిగి, 45 దగ్గర ఆగుతుంది, ఒక్కో అడుగుకీ మధ్య ఆలస్యం వేరే వేరే. ఇంకో తలనొప్పి, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా సర్వో ఒకసారి ఉలిక్కిపడుతుంది, చెయ్యి విరిగిపోతుందేమో అన్నట్టు. ఏ స్థానంలో ఉండాలో ముందు చెప్పి, ఆ తర్వాతే సర్వోని జతచేసేట్టు ప్రోగ్రాం మార్చా, చాలావరకు తగ్గింది. మన కరెంటు సంగతి తెలిసిందే కాబట్టి రోజుకి నాలుగుసార్లు పరీక్ష ఉచితం.

తిరుపతి: దీపం నీలంగా ఎందుకుందక్కా? నేను తప్పనుకున్నా.

చిత్తూరు: అదే నాకు బాగా నచ్చిన సంగతి. పాత సిగ్నల్లో పచ్చ అద్దం నిజానికి నీలం వైపు ఉంటుంది. వెనక వెలిగేది కిరసనాయిలు దీపం, పసుపు మంట. పసుపు మంట ముందు నీలం అద్దం పెడితే దూరానికి పచ్చగా కనిపిస్తుంది. నేను తెల్ల ఎల్ఈడీ పెట్టా, నీలంగానే కనిపించింది, రెండు రోజులు అద్దాన్ని తిట్టుకున్నా. పసుపు వైపు ఉండే వార్మ్ వైట్ ఎల్ఈడీ తెచ్చి పెట్టాలి, ఇంకా రాలేదు, అందుకే నీలం.

తిరుపతి: మామా, ఆ టిఫిన్ బాక్సులో ఏముంది? వచ్చినప్పటినుంచి ఒళ్లోనే పెట్టుకున్నావు.

పాకాల: ఏముంటుంది, దోసెలనుకున్నావా? (డబ్బా మూత చప్పుడు)

చిత్తూరు: అయ్యో, వైపీ! చక్రాలు నిన్న నొక్కావా?

పాకాల: రాత్రి. పైన బాయిలర్ లేదు, ఉత్త అడుగు మాత్రమే. మీటరు పొడవు పట్టా తెచ్చినా. సిగ్నల్ కూడా పక్కన పెట్టమ్మా, ఏదో ఒక శకునం ఉండాల కదా.

తిరుపతి: వినేవాళ్లకు చెప్తున్నా, టేబుల్ మీద మైకుల మధ్య పట్టా పరిచాం, చివర్లో సిగ్నల్. కంట్రోలర్ నా చేతిలో. పట్టా స్పిరిట్‌తో తుడిచా. ఇస్తున్నా మామా... రెండు ఓల్టులు... మూడు...

(సన్నగా మోటారు శబ్దం)

చిత్తూరు: కదిలింది! పట్టెయ్యడం లేదు, చూడు కడ్డీలు చూడు!

పాకాల: మాట్లాడొద్దు, మాట్లాడొద్దు.

తిరుపతి: ఒక చుట్టు, రెండు, మూడు, కుంటు లేదు మామా, అసలు లేదు... అరె. ఆగింది. సిగ్నల్ దగ్గర. మురికేమో, ఉండు, వేలితో కొంచెం...

పాకాల: ముట్టుకోవద్దురా! చెయ్యి అడ్డంగా ఉంటే డ్రైవర్ ఎట్ట పోతాడు? నువ్వు సిగ్నల్ వెయ్యమ్మా ముందు.

(సర్వో చప్పుడు, మళ్లీ మోటారు శబ్దం)