ఫార్టీ ఫైవ్ గెలవలేదండీ, ఎండ గెలిచింది!

ఆయ్, నమస్కారమండీ! ఇవాళ నెమ్మదిగా మాట్లాడే పని లేదు. పిస్టల్ తూటాల్లో నైన్ ఎంఎం సైజు గొప్పదా, అంతకన్నా లావైన ఫార్టీ ఫైవ్ గొప్పదా అని మన కామెంట్లలో సంక్రాంతి బరి గీసేశారు. ఎవరో అమెరికాలో పెరట్లో బల్లేసుకుని, ఒంటి కండకి బదులుగా జెలటిన్ జెల్లీ దిమ్మలు పేర్చి, ఒక్కోదాంట్లోకి ఒక్కో తూటా కాల్చి వీడియో తీశాడు. ఫార్టీ ఫైవ్ చివరిదాకా పోయింది, నైన్ మధ్యలో ఆగింది. అంతే, "నైన్ పని ఖతం" అని థంబ్‌నెయిలు పెట్టేశాడు!

నేనడిగేది ఒక్కటేనండీ. బీబీ ఎక్కడ?

జెలటిన్ దిమ్మకి కాల్చే ముందు పరీక్ష ఉంటుంది. నాలుగున్నర మిల్లీమీటర్ల ఉక్కు గుండు, అదే బీబీ, ఎయిర్‌గన్‌తో సెకనుకు 180 మీటర్ల వేగంతో దాంట్లోకి కొట్టాలి. అది ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర సెంటీమీటర్ల మధ్య ఆగిందా, దిమ్మ సరైనదే. అది దాటి లోతుకి పోయిందా, దిమ్మ మెత్తబడిపోయింది. దాంట్లో ఏ తూటా కొట్టినా హీరోయే. ఆ వీడియో మళ్లీ చూడండి. బీబీ లేదు, థర్మామీటర్ లేదు. ఎండ మాత్రం దండిగా ఉంది.

దిమ్మ ఎలా పోస్తారో చెబితే నా గోల అర్థమవుతుంది. 250 బ్లూమ్ (జెలటిన్ గట్టిదనం కొలత) జెలటిన్ పొడి ఒక పాలు, నీళ్లు తొమ్మిది పాళ్లు, తూకం లెక్కన. ఆరంగుళాల వెడల్పు, ఆరంగుళాల ఎత్తు, పదహారు అంగుళాల పొడవు దిమ్మకి సుమారు 950 గ్రాముల పొడి, ఎనిమిదిన్నర లీటర్ల నీళ్లు పడతాయి. పొడిని ముందు చన్నీళ్లలో నాననివ్వాలి, ఆ తర్వాతే గోరువెచ్చగా కరిగించాలి. తొందరపడి మరిగించారో, పట్టు పోతుంది. పైకి గట్టిగానే కనిపిస్తుంది, లోపల మాత్రం జున్ను! నురగ తగ్గడానికి, బూజు పట్టకుండా ఉండడానికి నాలుగు చుక్కలు దాల్చిన చెక్క నూనె వేస్తారు. తర్వాత ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర ఒకటిన్నర రోజు, రెండు రోజులు. బయటికి తీసిన 20 నిమిషాల్లోపు కాల్చేయాలి. ఆ పెద్దమనిషి రెండో తూటా కాల్చేసరికి నీడే బల్ల ఈ చివర నుంచి ఆ చివరకి జరిగిపోయింది. ఫార్టీ ఫైవ్ వంతు ఆఖర్న వచ్చింది. అంటే అన్నిటికన్నా వేడెక్కిన దిమ్మ దానికే దక్కింది!

అందుకే నా థియరీ ఇది, తిట్టుకుంటే తిట్టుకోండి. నైన్, ఫార్టీ ఫైవ్ గొడవలో సగం తుపాకీ గొడవ కాదు, ఐసు గొడవ. భీమవరం చెరువుగట్టు మీద ఎవరినైనా అడగండి, ఐసు కరిగితే సరుకు ఏమవుతుందో చెబుతారు.

ఇంకోటి. ఒక్కో క్యాలిబర్‌కి, అంటే ఒక్కో తూటా సైజుకి, ఒక్క షాటా? ఒక్క రొయ్యని చేత్తో పట్టుకుని కౌంట్ చెప్పేసే బయ్యరు ఎక్కడైనా ఉన్నాడాండీ? కిలో తూచి, లెక్కపెట్టి, అప్పుడు ముప్పై కౌంటో నలభై కౌంటో అంటాడు. అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ పద్ధతిలో ఒక్కో పరీక్షకి ఐదు షాట్లు. దూరం పదడుగులు. దిమ్మ ముందు నాలుగు పొరల బట్ట కట్టి కూడా కొడతారు. లోతు 12 నుంచి 18 అంగుళాల మధ్య ఉండాలి. తక్కువైతే చాలదు, ఎక్కువైతే అవతలివాళ్లకి ప్రమాదం. కాబట్టి ఎంత లోతు పోతే అంత గెలుపు కాదు బాబూ, 18 దాటితే మార్కులు తగ్గుతాయి!

బట్ట ఎందుకంటారా? హాలో పాయింట్ అంటే తల డొల్లగా ఉండే తూటా. ఆ డొల్లలోకి తడి కండ లాంటిది జొరబడి ఒత్తిడి పెంచితేనే తల పువ్వులా విచ్చుకుంటుంది. దారపు పోగులు ముందే కూరుకుపోతే విచ్చుకోదు, మామూలు తూటాలా దూసుకుపోతుంది. అన్నట్టు, ఇలా విచ్చుకునే తూటాలకి "డమ్‌డమ్" అన్న పేరు మన కలకత్తా పక్కనున్న డమ్‌డమ్ ఆయుధాగారం నుంచే వచ్చింది. 1899లో హేగ్‌లో యుద్ధాల్లో వాడకూడదని తీర్మానించారు కూడా. సరే, దారి తప్పాను.

ఇప్పుడు "మా ఫార్టీ ఫైవ్ పెద్దది" అనేవాళ్లకి. పెద్దదే, ఎవరు కాదన్నారు? 230 గ్రెయిన్లు, అంటే దాదాపు 15 గ్రాములు, వేగం సెకనుకు 260 మీటర్లు. నైన్ 115 గ్రెయిన్లు, ఏడున్నర గ్రాములు, వేగం 350. లెక్కేస్తే శక్తి ఒకదానికి 500 జౌల్స్, ఒకదానికి 460. ఇంత తేడాకేనా పందెం? పందెం కోళ్లని కూడా తూకం చూసి జత కడతారు కదండీ (అది చట్టం ఒప్పుకోదు, ఆ సంగతి వేరు). ఆ వీడియోలో బ్యారెల్, అదే తుపాకీ గొట్టం, దాని పొడవే చూడలేదు! ఐదంగుళాల పిస్టల్‌తో ఫార్టీ ఫైవ్, మూడంగుళాల పాకెట్ పిస్టల్‌తో నైన్. పొట్టి బ్యారెల్‌లో వేగం పడిపోతుంది, వేగం పడిపోతే హాలో పాయింట్ సరిగా విచ్చుకోదు. క్రోనోగ్రాఫ్, అదే వేగం కొలిచే యంత్రం, కెమెరా ముందు పెట్టలేదంటే వాడి అంకెలు నాకొద్దు.

"1986 మయామీ చూడలేదా, నైన్ ఫెయిలైంది కదా" అని ఒకాయన రాశారు. నిజమే, అమెరికాలోని మయామీలో ఏప్రిల్ 11న దొంగలతో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు చనిపోయారు, ఒక నైన్ తూటా దుండగుడి గుండెదాకా వెళ్లకుండా ఆగిపోయింది. కానీ అక్కడ తేలింది ఆ తూటాకి లోతు చాలలేదని, నైన్ మొత్తం పనికిరాదని కాదు. ఆ తర్వాత ఎఫ్‌బీఐ టెన్ ఎంఎం సైజుకి వెళ్లింది, ఫార్టీ సైజుకి వెళ్లింది, తిరిగి తిరిగి మళ్లీ నైన్‌కే వచ్చింది! ఈ ముక్క మాత్రం ఎవరూ కామెంట్‌లో రాయరు.

మన దగ్గర అసలు నైన్ మామూలు లైసెన్సుకి రాదు, నిషేధిత బోరు, అంటే మామూలు జనానికి ఒప్పుకోని సైజు. దొరికేవి .32, .22 లాంటివి. .32లో మజా ఏంటంటే, తల విచ్చుకుంటే 12 అంగుళాలు అందడమే కష్టం, విచ్చుకోని తూటా అయితే హాయిగా దాటేస్తుంది. చిన్న తూటాకి రెండూ కుదరవు. అలా అని కొబ్బరితోటలో బొండాలు పెట్టి కాల్చి చూద్దామని ఎవడికైనా బుద్ధి పుడితే, ఆయుధాల చట్టం 2019 సవరణతో ఎవరి ప్రాణానికైనా ముప్పు వచ్చేలా నిర్లక్ష్యంగా కాల్చితే రెండేళ్ల దాకా జైలో, లక్ష దాకా జరిమానాయో, రెండూనో పడతాయి. లైసెన్సు పోయేది వేరే లెక్క. బొండాం పేలితే బొండాం పేలిందనే తెలుస్తుంది, తూటా గురించి ఇసుమంత తెలియదు.

ఇంకా "అది అద్దంలా ఉన్న క్లియర్ జెల్, దానికి ఫ్రిజ్ అక్కర్లేదు" అంటారు. ఒప్పుకుంటా. కానీ అది నూనె, పాలిమర్ కలిపిన సరుకు. దాంట్లో తూటా ఎక్కువ లోతు పోతుంది, తక్కువ విచ్చుకుంటుంది. జెలటిన్ అంకెల పక్కన ఆ అంకెలు పెట్టకూడదు.

ఇప్పుడు పని చెబుతాను. ఆ వీడియో ఆపి, పసుపుపచ్చగా ఉన్న ఆ దిమ్మ పక్కలు చూడండి. ఫ్రిజ్‌లోంచి తీసిన దిమ్మకి మన కోనసీమ గాలిలో అయితే రెండు నిమిషాల్లో చెమట పట్టాలి, రొయ్యల ఐసు బాక్సుకి పట్టినట్టు. ఎడారిలో పట్టకపోవచ్చు, కానీ వాడి పెరట్లో పచ్చిక తడిగా మెరుస్తోంది. దిమ్మ మీద మాత్రం ఒక్క నీటిబొట్టు లేదు. ఆ ఫ్రేమ్ టైమ్ కామెంట్లో పెట్టండి, ఎవరు ముందు పట్టుకుంటారో చూస్తా.