మ్యూనిక్ ఇల్లు, డాలస్ ఇల్లు

అందరికీ నమస్కారం. ఎమ్మెస్‌కి వెళ్లబోయే పిల్లలు నన్ను ముందు అడిగేది జీతం సంగతే. "అమెరికాలో అంతొస్తుంటే జర్మనీ ఎందుకు సార్?" అని. రెండుచోట్లా కాపురం పెట్టినవాణ్ని కాబట్టి చెబుతున్నా, జీతంలో అమెరికాదే పైచేయి. టెక్సాస్‌లోనైతే రాష్ట్ర ఆదాయపు పన్ను కూడా లేదు. కానీ మంచాన పడ్డ రోజు, ఉద్యోగం ఊడిన రోజు ఏమవుతుందో కూడా అడగండి.

జర్మనీలో ఉద్యోగంలో చేరి నాలుగు వారాలు దాటితే చాలు, జబ్బు చేసినప్పుడు ఆరు వారాల దాకా కంపెనీ పూర్తి జీతం ఇవ్వాల్సిందే. వారానికి ఐదు రోజులు పనిచేసేవాళ్లకు ఏడాదికి కనీసం 20 రోజులు జీతంతో సెలవు. అమెరికాలో అలాంటి సెలవు ఇచ్చితీరాలనే ఫెడరల్ చట్టమే లేదు. కంపెనీ దయ, మన ప్రాప్తం.

ఆరోగ్య బీమా కూడా అక్కడ ఎక్కువగా ఉద్యోగంతోనే ముడిపడి ఉంటుంది. ఉన్నా ధీమా లేదు. డిడక్టిబుల్ అని ఒకటుంటుంది, బీమా కంపెనీ చెల్లించడం మొదలుపెట్టేలోపు ఏడాదిలో మనం పెట్టుకోవాల్సిన మొత్తం. అది దాటేదాకా చాలా ఖర్చులు మన జేబులోంచే. మావాడు సైకిల్ మీంచి పడితే గడ్డం కింద కుట్లు వేశారు. ఆసుపత్రి బిల్లు కట్టేసి హమ్మయ్య అనుకున్నాం. తర్వాత డాక్టరు బిల్లు విడిగా వచ్చింది. ఆ పైన ఇంకోటి, అది దేనికో ఫోన్ చేసి కనుక్కుంటే గానీ తెలియలేదు. గాయం మానింది గానీ బిల్లులు మానలేదు.

ఇక అమెరికా ఉద్యోగ వీసా హెచ్‌1బీ మీద ఉండి ఉద్యోగం పోతే చేతిలో ఉండేది గరిష్ఠంగా 60 రోజులు. ఇల్లు, కారు లోను, పిల్లల బడి అన్నీ ఆలోగా తేలాలి. ఆ టెన్షన్ జీతం స్లిప్పులో కనబడదు.

అలాగని జర్మనీ స్వర్గమేం కాదు. మ్యూనిక్‌లో ఇల్లు దొరకడమే గగనం. దొరికిన ఇంట్లో అడుగుపెడితే వంటగదిలో గోడలే ఉన్నాయి. సింకు లేదు, పొయ్యి లేదు, బల్బు ఉండాల్సిన చోట రెండు తీగలు వేలాడుతున్నాయి. పాత అద్దెదారు అన్నీ పీక్కుపోయాడు. అక్కడది మామూలేనట! మొదటి కొన్నాళ్లు గిన్నెలు బాత్రూమ్‌లోనే కడిగాం. ఆదివారం దుకాణాలు దాదాపు అన్నీ బంద్. ఆదివారపు విశ్రాంతికి వాళ్ల రాజ్యాంగంలోనే రక్షణ ఉంది. శనివారం రాత్రి పెరుగు నిండుకుంటే సోమవారం దాకా మజ్జిగ మాట మరిచిపోవడమే.

మా అమ్మ లెక్క వేరు. మ్యూనిక్‌లో భాష ఒక్క ముక్క రాకపోయినా ట్రామెక్కి పార్కుకి తనే వెళ్లొచ్చేది. డాలస్ పక్కన ఫ్రిస్కోలో గోంగూర దొరికింది, గుడి దొరికింది, తెలుగులో కబుర్లాడే స్నేహితురాళ్లూ దొరికారు. కానీ నేను కారు తీస్తే తప్ప గడప దాటే వీల్లేదు. రెండింట్లో ఏది నయమని అడిగితే అమ్మే తేల్చలేకపోయింది.

జర్మనీ వెళ్లేవాళ్లు భాష ఇక్కడే మొదలుపెట్టండి. చదువుకున్న ఉద్యోగులకిచ్చే నివాస పర్మిట్ బ్లూ కార్డ్ వచ్చాక, జర్మన్ భాషలో బీ1 అనే మధ్యస్థ స్థాయి ఉంటే 21 నెలలకే శాశ్వత నివాసానికి అప్లై చేసుకోవచ్చు. అమెరికా గ్రీన్‌కార్డు లైన్లో మనవాళ్ల సంగతి మీకు తెలిసిందే. అక్కడికే వెళ్తామంటే, రేపు ఆఫర్ వచ్చినప్పుడు జీతంతోపాటు బీమా కాగితాలూ అడిగి తీసుకోండి, డిడక్టిబుల్ ఎంతో చూశాకే సంతకం పెట్టండి. ఇక ప్రశ్నలుంటే అడగండి.