తేమకు తెరుచుకునే చెక్క రెక్కలు

యాంకర్: హలో, చెప్పండి. రేడియో సౌండ్ కాస్త తగ్గించండి.

కాలర్: నమస్తే మేడమ్, మాసబ్‌ట్యాంక్ నుంచి. ఆర్కిటెక్చర్ చదువుతున్నా. గాలిలో తేమను బట్టి, కరెంటు లేకుండా తెరుచుకునే కిటికీ రెక్కలు ప్రాజెక్టుగా తీసుకున్నా. టేకు వెనీర్, అంటే పల్చటి చెక్క పొర, దాని వెనక ఓహెచ్‌పీ షీటు, అదే పారదర్శక ప్లాస్టిక్ షీటు, ఫెవికాల్‌తో అంటించా. అసలు వంగట్లేదు.

నిపుణురాలు: టేకు ఎందుకమ్మా? తలుపులకు టేకు కోరేదే అది పెద్దగా ఉబ్బదని! స్టీమ్ బీచ్, అంటే ఆవిరి పట్టిన బీచ్ చెక్క వెనీర్ అడగండి. అర మిల్లీమీటరుది, పాలిష్ లేనిది. చెక్కలో నార, అంటే పీచు గీతలు, ఎటు వచ్చాయి?

కాలర్: స్ట్రిప్ పొడుగునా.

నిపుణురాలు: అసలు తప్పు అక్కడుంది. చెక్క నార వెంట దాదాపు ఉబ్బదు, నారకు అడ్డంగానే ఉబ్బుతుంది. చెక్క ఉబ్బి, ప్లాస్టిక్ ఉబ్బకపోతేనే రెక్క వంగేది. స్ట్రిప్ పొడుగుకు నార అడ్డం వచ్చేలా కొయ్యండి. ఫెవికాల్‌లో నీళ్లుంటాయి, అంటించేటప్పుడే వెనీర్ ఉబ్బిపోతుంది. ప్లాస్టిక్‌నూ సరిగా పట్టదు. షీటును 120 నంబరు సాండ్‌పేపర్‌తో గరుకు చేసి, ఎపాక్సీ జిగురు పల్చగా రాసి, బరువు పెట్టి ఒక రోజు వదిలెయ్యండి.

కాలర్: మందం పెంచితే గట్టిగా ఉంటుంది కదా?

నిపుణురాలు: రెండు పొరలూ రెట్టింపైతే వంపు సగమవుతుంది, తేమ లోపలికి చేరడానికి నాలుగింతల సమయం పడుతుంది. వద్దు.
ఇంకోటి. ఏ తేమలో అంటిస్తే ఆ తేమ దగ్గరే రెక్క చదునుగా ఉంటుంది. మే మధ్యాహ్నం మన దగ్గర గాలి పొడి, అప్పుడు మూసుకోవాలి, ఆగస్టులో తెరుచుకోవాలి. కాబట్టి పొడిలో అంటించాలి. గట్టి మూత డబ్బాలో మెగ్నీషియం క్లోరైడ్ అనే ఉప్పును నీళ్లతో కలిపిన ముద్ద పెట్టండి, కరగని ఉప్పు కొంత మిగలాలి. లోపల తేమ 33 శాతం దగ్గర నిలుస్తుంది. వెనీర్‌ను రెండు రోజులు అందులో ఉంచి, తీసిన వెంటనే అంటించి, బరువుతో సహా మళ్లీ డబ్బాలోనే ఆరనివ్వండి. పరీక్షకు వేరే డబ్బాలో మామూలు ఉప్పు ముద్ద, అక్కడ 75 శాతం. రెక్క ప్లాస్టిక్ వైపుకు వంగాలి.

కాలర్: అంటే బయటికి తెరుచుకోవాలంటే ప్లాస్టిక్ బయటి వైపు?

నిపుణురాలు: అవును. కానీ చెక్క లోపలి వైపు ఉంటే గదిలో తేమకే స్పందిస్తుంది. కూలర్ వేశారా, మే నెలలోనే తెరుచుకుని ఎండను లోపలికి పిలుస్తుంది! వంటింటి ఆవిరికీ అంతే.

కాలర్: పారిస్‌లో పాంపిడూ సెంటర్ మ్యూజియంలో ఆర్కిటెక్ట్ ఆకిమ్ మెంగెస్ పెట్టిన ‘హైగ్రోస్కోప్’, ఇలాగే తేమకు తెరుచుకునే చెక్క నిర్మాణం, బాగానే పనిచేసింది కదా మేడమ్, 2012లో?

నిపుణురాలు: అది మేపుల్ వెనీర్, పైగా గాజు పెట్టెలో పెట్టి తేమను అదుపు చేశారు. అక్కడ వానా లేదు, చెదలూ లేవు. మీరు చెక్కను బయటి వైపే పెట్టండి, రెక్క లోపలికి తెరుచుకుంటుంది. పైన సజ్జ ఉండాలి. వార్నిష్ మాత్రం వెయ్యకండి, తేమ చెక్కకు అందదు.

యాంకర్: ఉప్పల్ నుంచి ఇంకో కాలర్ లైన్‌లో ఉన్నారు.